కాయకమునకు కూలి, బొక్కసమునకు లేమి

పనిచేసినవాడు కూలి అడుగుట తప్పని ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు. అయినను అడుగువాడు లక్షలకు, కోట్లకు అలవాటుపడిన ప్రసిద్ధుడై, ఇయ్యవలసినది అప్పులలో మునిగిన సంస్థయైనప్పుడు లోకము తీర్పు తారుమారగుచున్నది. "వానికేమి కొదువ? తిన్నయింటి వాసములు లెక్కించుచున్నాడే!" అని రచ్చబండమీద మాట పుట్టును. అదే మాట కలుపు తీసిన కూలిదానిని గూర్చి ఎవ్వరును అనరు, అనినను వినువారుండరు. ఒకే న్యాయము ఇద్దరి విషయమున రెండు విధములుగా ఎట్లు కనబడుచున్నది? ఆటగాని కీర్తియు, సంపదయు అతని హక్కును తగ్గించునా? కాయకమును కైలాసముతో సమముగా నెంచిన శరణుల సంప్రదాయమున పెరిగిన కుటుంబములకు ఈ ప్రశ్న వార్తాపత్రికలోని క్రీడల పుటతో ముగియునది కాదు.

దూరదేశముల సంగతి పిమ్మట చూడవచ్చును. హైదరాబాదులోనే జరిగిన కథ యొకటి కలదు. 2019లో పుణే నగరపు ఫుట్‌బాల్ జట్టు ఆర్థికమైన ఇబ్బందులతో మూతపడగా, ఆ స్థానమున హైదరాబాద్ ఎఫ్‌సీ అను జట్టు ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించినది. మొదటి ఏట పట్టికలో అట్టడుగున నిలిచిన ఆ జట్టు అనతికాలముననే శిఖరమెక్కినది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేతయైనది. ఆనాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకొనెను. ఆ ఏటి పోటీలలో నైజీరియా దేశస్థుడైన బార్తొలోమ్యూ ఓగ్బెచే 18 గోల్స్ చేసి లీగు మొత్తమునకు అగ్రస్థానమున నిలిచెను. ఫుట్‌బాల్‌ను అంతగా ఎరుగని నంద్యాల సీమలో సైతము ఆ పేర్లు కొన్నాళ్ళు వినబడినవి. మరుసటి ఏట ఆ జట్టు లీగు పట్టికలో రెండవ స్థానమున నిలిచినది. ఆ పైన బొక్కసము ఎండిపోయినది.

2023-24 పోటీల నాటికి జీతములు ఆగిపోయిన సంగతి బయటపడినది. ఆటగాండ్రకు మాత్రమే కాదు, జట్టును అంటిపెట్టుకొని బ్రతుకు సిబ్బందికిని నెలల తరబడి అందలేదు. విదేశీయులైన ఆటగాండ్రు ఒక్కరొక్కరుగా ఒప్పందములు రద్దు చేసికొని వెడలిపోయిరి. అది వారికి నియమబద్ధముగా ఉన్న హక్కు. రెండు నెలల జీతము చెల్లింపని సంస్థకు పదునైదు దినముల గడువిచ్చి, అప్పటికిని చెల్లింపనిచో ఆటగాడు న్యాయమైన కారణముతో విడిచిపోవచ్చునని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్యయైన ఫిఫా 2018లో నియమము చేసినది. అప్పటికే జట్టును విడిచియున్న ఓగ్బెచే తన బాకీ విషయమై ఫిఫాను ఆశ్రయించెను. ఫలితముగా బాకీ తీర్చువరకు ఆ సంస్థ క్రొత్త ఆటగాండ్రను నమోదు చేసికొనరాదని నిషేధము పడినది.

ఇక్కడనే చిక్కు మొదలగుచున్నది. ఓగ్బెచే అడిగినది న్యాయమైన సొమ్ము. నిషేధము విధించినది న్యాయమైన నియమము. కాని ఆ నిషేధపు భారము మోసినవారెవరు? జీతము ఎగవేసిన యాజమాన్యము మైదానమున పరుగెత్తదు. వెడలిపోలేక మిగిలిన దేశీయ యువకులు, ఇరువది ఏండ్లకు అటునిటుగా ఉన్న పిల్లలు, అనుభవజ్ఞులు లేని జట్టుగా ప్రతివారము ఓడిపోవుటకు మైదానమున దిగిరి. వారికిని జీతములు సరిగా లేవు. 22 ఆటలలో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పట్టికలో చివరి స్థానము. విదేశీయులలో ఒక్కడు మాత్రము పోలేదు. బ్రెజిల్ దేశస్థుడు, జట్టు నాయకుడు జోవావ్ విక్టర్ ఆ పిల్లలతో కలసి చివరివరకు ఆడెను.

అభిమానులు వెంటనే ఇద్దరినొకచో నిలిపి తూచిరి. ఉండినవాడు త్యాగి, పోయినవాడు స్వార్థపరుడు. ఈ తూనిక సరియైనదా? చూచుటకు సులభముగానున్నదే తప్ప సరియైనది కాదు. ఉండినవాని గొప్పతనమును చూపి పోయినవానిని తూలనాడుట, ఇయ్యవలసినవాని తప్పును కప్పిపుచ్చుటకు మిక్కిలి అనువైన మార్గము. ఇద్దరు కూలీలను ఒకరిపై నొకరిని నిలిపినచో కామందు నీడన కూర్చుండును.

ఈ విషయమును తేటగా చూచుటకు పొలమునకు పోవలెను. నంద్యాల సీమలో కె.సి. కాలువ, తెలుగుగంగ నీరు పారిన ఏట వరి కళకళలాడును. నీరు రాని ఏట నేల నెఱ్ఱెలు విచ్చును. పంట పండించు విధానములలో పెద్దలు రెండింటిని స్పష్టముగా వేరు చేసిరి. పాలుకు చేయువాడు పంటలో భాగస్వామి. పండిన ఏట అతనికి ఎక్కువ వచ్చును, ఎండిన ఏట అతడును యజమానితో కలసి నష్టపడును. జీతగాడట్లు కాదు. అతడు ఉగాదికి కుదిరెను, ఏడాదికి ఇంత అని మాట జరిగెను. పంట బంగారమైనను అతనికి అదనముగా గింజ రాదు. కనుకనే పంట తాలుపోయినను అతని జీతమున గింజ తగ్గరాదు. "ఈ యేడు పండలేదురా, జీతమేడ తెచ్చి ఇత్తును?" అను యజమాని మాటకు జాలిపడవచ్చును, దానిని న్యాయమనరాదు. లాభమున చేయి పట్టుకొననివాడు నష్టమున చేయి పట్టుకొమ్మని అడుగరాదు.

ఆటగాడు ఈ రెండింటిలో ఎవడు? అతని పేరు చూచి టిక్కెట్లు అమ్ముడుపోవును, అతని బొమ్మ చూచి ప్రకటనలు వచ్చును. అందుచే అతడు భాగస్వామివలె కనబడును. కాని జట్టు విలువ పెరిగి యజమాని దానిని పదింతలకు అమ్ముకొన్ననాడు ఆటగానికి అందులో భాగము లేదు. ఒప్పందము వ్రాసికొన్నది జీతమునకే. గొప్ప జీతమైనను జీతమే. కాబట్టి "జట్టు కష్టములో నున్నది, నీవును పంచుకొనుము" అను మాట అతనితో అనదలచినవారు, జట్టు సుఖములో నున్ననాడు ఏమి పంచిరో మొదట చెప్పవలసియుండును. పైగా ఆటగాని పనికాలము మిక్కిలి స్వల్పము. బడిపంతులు ముప్పదియేండ్లు పాఠము చెప్పవచ్చును, చేనేతగాడు చూపు ఆనినంతకాలము నేయవచ్చును. ఆటగానికి పది పదునైదేండ్లు. మోకాలు తిరిగినచో అంతయు లేదు. ఒక ఏటి జీతము పోయినచో అది బ్రతుకంతటిలో పదవ వంతు పోయినట్లే.

ఇంతవరకు వాదము ఆటగాని వైపే నడచినది. యజమాని వైపున చెప్పదగినదేమియు లేదా? ఒక్కటి కలదు. నిజముగా లేనివాడు, దాచక లేదని చెప్పి గడువు కోరవచ్చును. అయితే ఆ కోరికకు ముందు అతడు చేయవలసిన పని యొకటి యున్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బొక్కసపు ఘట్టము ఎరుగని వీరశైవ కుటుంబముండదు. బిజ్జలుని ధనమును బసవేశ్వరుడు జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పినప్పుడు, దండనాయకుడైన ఆ మహనీయుడు కోపగింపలేదు, తన భక్తిని చూపి తప్పించుకొనలేదు. బొక్కసము తెరచి లెక్క చూచుకొమ్మనెను. లెక్క సరిపోయినది. ఆ కథలోని మహిమను గూర్చి పెక్కుమారులు పురాణకాలక్షేపములలో వినియే యున్నాము. అందులోని నీతి మహిమకంటె సామాన్యమైనది, ఆచరింప సాధ్యమైనది. ఇతరుల సొమ్ము తన చేతిలో నున్నవాడు అడిగినప్పుడు లెక్క చూపవలెను. లెక్క చూపిన యజమానికి గడువడుగు ముఖముండును. పుస్తకములు మూసియుంచి "ఓపిక పట్టుడు, జట్టు మీదే కదా" అను యజమానికి ఆ ముఖము లేదు.

హైదరాబాదు క్రికెట్ జట్టు కథ ఇందుకు తార్కాణము. డెక్కన్ చార్జర్స్ 2008లో ఐపీఎల్ పుట్టుకతో పుట్టి, 2009లో దక్షిణాఫ్రికాలో ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వమున కప్పు గెలిచినది. మూడేండ్లు గడచుసరికి దాని యజమానియైన పత్రికా సంస్థ అప్పులలో కూరుకొనిపోయినది. 2012లో కుమార సంగక్కర నాయకుడుగా, డేల్ స్టెయిన్, శిఖర్ ధావన్ వంటివారు ఆడిన జట్టునకు చెల్లింపులు ఆలస్యమయినవి. ఆ సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఒప్పందమును రద్దు చేసినది. చూపిన కారణములలో ఆటగాండ్ర బాకీ యొకటి. పిమ్మట యజమానులకు, బోర్డునకు నడుమ వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగినది. 2020లో మధ్యవర్తి యజమానులకు నాలుగువేల ఎనిమిదివందల కోట్ల పైచిలుకు ఇయ్యవలెనని తీర్పు చెప్పగా, 2021లో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆలోచించినచో వింతగా నుండును. ఒకప్పుడు ఆటగాని జీతమునకు గతిలేదన్న సంస్థ, తన నష్టమును వేలకోట్లలో లెక్కగట్టి పోరాడగలిగినది. లేమి అనునది ఎవని ముందు నిలిచి చెప్పుచున్నామో దానిని బట్టి పెరుగుచు తరుగుచు నుండును గాబోలు!

కొచ్చి జట్టు సంగతి అంతకంటె పొట్టిది. 2011లో ఒక్క ఏడు ఆడినది, బ్యాంకు హామీ ఇయ్యలేక ఆ సెప్టెంబరులోనే రద్దయినది. ఆటగాండ్రకు రావలసిన దానిలో 35 శాతము ఇంకను రాలేదని ఆస్ట్రేలియా ఆటగాడు బ్రాడ్ హాడ్జ్ పదేండ్ల తరువాత 2021లో బహిరంగముగా అడిగెను. అప్పుడును కొందరు నవ్విరి. పదేండ్ల బాకీ బండి ఆత్మకూరు సంతలో ఎవరైన ఎగవేసినచో నవ్వువారుండరు.

ఇక త్యాగమును గూర్చి. 2008లో ఐపీఎల్ ఆరంభమైనప్పుడు కొన్ని నగరముల ప్రముఖ క్రీడాకారులకు ప్రత్యేక గౌరవస్థానము కల్పించిరి. అట్టివానికి జట్టులో అత్యధిక ధర పలికినవానికంటె 15 శాతము అధికముగా ఇయ్యవలెను. హైదరాబాదుకు ఆ స్థానము వి.వి.యస్. లక్ష్మణ్‌ది. వేలములో ప్రతి జట్టు వెచ్చింపదగిన సొమ్మునకు పరిమితి యుండుటచే, తనకు పోవు సొమ్ముతో మంచి ఆటగాండ్రను కొనుక్కొనవచ్చునని లక్ష్మణ్ ఆ స్థానమును తానే వదలుకొనెను. తెలుగువాడు గర్వింపదగిన పని. కాని దానిలో గమనింపవలసిన సూక్ష్మములు రెండున్నవి. అతడు విడిచినది పనికి ముందు, తెలిసి, తన యిష్టముతో. చేసిన పనికి రావలసిన కూలిని ఎవరో ఎగవేయగా నోరు మూసికొనుట కాదది. రెండవది, అతడు విడిచిన సొమ్ము యజమాని జేబునకు పోలేదు, తోటి ఆటగాండ్రకు పోయినది. త్యాగమని పిలువబడుచున్న ప్రతిదానిని ఈ రెండు ప్రశ్నలతో గీచి చూడవచ్చును: ఇచ్చువాడు తానై ఇచ్చెనా? ఆ ఇచ్చినది ఎవరిని చేరినది?

దాసోహము ఇచ్చువాని ధర్మమే గాని పుచ్చుకొనువాని హక్కు కాదు. "నీవు దాసోహము చేయుము" అని బాకీపడినవాడు బాకీ రావలసినవానికి ఉపదేశించుట ధర్మమును తలక్రిందులు చేయుట. ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల కథను ఈ సందర్భమున తరచుగా చెప్పుదురు. కళ్యాణమున రాలిన బియ్యపు గింజలు ఏరుకొనుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, ఇది మనకేల, తీసికొనిపోయి ఎచ్చట ఏరితివో అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ మందలించెను. ఆశ కూడదు, ఉన్నదానితో తృప్తిపడుమను నీతికై ఈ కథ చెప్పుట పరిపాటి. అది నిజమే. కాని లక్కమ్మ అదనమును మాత్రమే పోసిరమ్మన్నది. ఆ నాటి గ్రాసమును పోసిరమ్మనలేదు. కాయకపు ఫలము తమది కాదని ఆ సాధ్వి ఎన్నడును అనలేదు. జీతము ఎగవేయువారికి లక్కమ్మ సాక్ష్యము పలుకదు.

అయినను లక్కమ్మ మాట ఆటగానికి పూర్తిగా తగులకపోదు. వానికి రావలసినది హక్కే. ఆ హక్కు ఏ వరుసలో తీరవలెనన్నది వేరు ప్రశ్న. ఎండిపోయిన బొక్కసమున మిగిలిన కొద్ది సొమ్ము ముందు ఎవరికి చేరవలెను? ఈ ప్రశ్న ఇంగ్లండులో మిక్కిలి పదునుగా ఎదురైనది. అచ్చటి రేవుపట్టణమైన పోర్ట్స్‌మత్ ఫుట్‌బాల్ సంస్థ 2008లో దేశపు కప్పు గెలిచి, 2010లో దివాలా తీసినది. ఆ దేశపు ఫుట్‌బాల్ లీగులలో చిరకాలముగా ఒక నియమమున్నది. దివాలా తీసిన సంస్థ ఆటలో కొనసాగవలెనన్నచో ఆటగాండ్ర జీతములు, ఇతర జట్ల బాకీలు పూర్తిగా తీర్చవలెను. తక్కినవారికి మిగిలినదే దక్కును. అందుచే లక్షలు గడించు ఆటగానికి నూటికి నూరు చేరగా, పోర్ట్స్‌మత్‌కు సరకులిచ్చిన ఊరి వర్తకులకు, పన్నుల శాఖకు 2010 ఒప్పందము ప్రకారము పౌనునకు 20 పెన్నీల చొప్పున ఇచ్చుటకు నిశ్చయమైనది. మన లెక్కలో రూపాయికి మూడణాల చిల్లర. పన్నుల శాఖ ఈ నియమము అన్యాయమని కోర్టుకెక్కి 2012లో ఓడిపోయినది.

ఆ ఏటనే పోర్ట్స్‌మత్ మరల దివాలా స్థితికి వచ్చినది. నిర్వహణకు నియమింపబడిన అధికారి లెక్కలు తెరచిపెట్టి, పెద్ద జీతముల ఆటగాండ్రు రావలసినది కొంత తగ్గించుకొని ఒప్పందములు ముగించుకొననిచో ఆగస్టులో సంస్థ మూతపడునని చెప్పెను. ఒక్కరొక్కరుగా ఒప్పుకొనిరి. ఇజ్రాయెల్ దేశస్థుడు టాల్ బెన్ హయీమ్ అందరికంటె చివర, గడువు దినమున ఒప్పుకొనెను. ఊరివారు అతనిని ఎంతగానో తిట్టిరి. తిట్టుటలో సగము న్యాయమున్నది, సగము లేదు. అతని జీతమును నిర్ణయించినది అతడు కాదు. దానిని భరింపలేని సంస్థ చేవ్రాలు చేయుటకు అతడు బలవంతపెట్టలేదు. కాని లెక్కలు తెరచి చూపిన తరువాత, తన పట్టుదలచే ఊరి సంస్థ మూతపడి మైదానము ఊడ్చువాని పని సైతము పోవునని తెలిసిన తరువాత, చివరివరకు నిలుపుకొన్న హక్కు హక్కుగానే యుండినను దాని రంగు మారును. 2013 ఏప్రిలులో అభిమానులే చందాలు కూడబెట్టుకొని ఆ సంస్థను కొనిరి. ఆటగాండ్రు తగ్గించుకొనియుండనిచో వారు కొనుటకు ఏమియు మిగిలియుండెడిది కాదు.

మన దేశపు 2016 నాటి దివాలా చట్టము ఈ వరుసను కొంత మెరుగుగా ఆలోచించినది. దివాలా ప్రక్రియకైన ఖర్చులు పోగా, శ్రామికులకు గడచిన ఇరువదినాలుగు నెలల బాకీ, హామీ పుచ్చుకొని అప్పిచ్చినవారి బాకీతో సమానముగా రావలెను. తక్కిన ఉద్యోగుల పండ్రెండు నెలల జీతము ఆ పిమ్మటిది. అనగా చేతిపని చేయువాని కూలి ముందు. క్రీడా సంస్థలు ఈ చట్టము గడపదాక పోవుట అరుదు. అవి చాటుమాటున నలిగి, చేతులు మారి, పేర్లు మారును. హైదరాబాద్ ఎఫ్‌సీ 2024లో వేరొక వ్యాపార సంస్థ చేతికి పోయినది. 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకొన్నది. విజేతగా నిలిచిన మూడేండ్లకే ఆ ఊరికి ఆ జట్టు లేకపోయినది.

చేతిలో బలమున్నవాని పని ఇచ్చటనే పరీక్షకు వచ్చును. ప్రసిద్ధుడైన ఆటగానికి న్యాయవాది యున్నాడు, ప్రతినిధి యున్నాడు, స్విట్జర్లాండులోని ఫిఫా కార్యాలయమున అతని ఉత్తరము తెరచి చదువువారున్నారు. బట్టలుతుకువానికి, గడ్డి కోయువానికి, బస్సు నడుపువానికి ఇవేవియు లేవు. పెద్దవాడు అడిగినప్పుడు యజమాని వణకును. చిన్నవాడు అడిగినప్పుడు కాపలావాడు తలుపు వేయును. కాబట్టి పెద్దవాడు అడుగుట మానుకొన్నచో చిన్నవానికి మేలగునని తలచుట భ్రమ. పెద్దవాడు మౌనము వహించినచో యజమానికి వణకు తగ్గునే గాని గడ్డి కోయువానికి కూలి పెరుగదు. అతడు అడుగవలెను, అడుగునప్పుడు తన కాగితముతోబాటు వారి కాగితమును కూడ బల్లమీద పెట్టవలెను. "మొదట వారికిచ్చి పిమ్మట నాకిమ్ము" అను ఒక్క వాక్యము అతని హక్కులో ఒక పైసా తగ్గింపదు. బొక్కసములో నున్నది ఎంతో బయటపడునట్లు చేయుట మాత్రము దానికి సాధ్యము. ఆ వాక్యమును ఒప్పందములోనే ముందుగా వ్రాయించుకొనువాడు ఇంకను తెలివైనవాడు. సిబ్బందికి జీతము ఆగినచో తన ఆటయు ఆగునని వ్రాయించుకొన్న ఆటగానిని ఏ అభిమాని స్వార్థపరుడనగలడు?

ఉండినవాడైన జోవావ్ విక్టర్ చేసినది వేరు మార్గము. అతడు పిల్లలను విడువలేదు. అది ప్రేమ, లేక బాధ్యత. ఏ పేరు పెట్టినను గొప్పదే. దానిని ప్రతివానినుండి రాబట్టుకొనజూచినచో మాత్రము అది వెట్టి అగును. పోయినవాడును, ఉండినవాడును ఒకే యజమానికి బాకీదారులు కారు, బాకీ రావలసినవారు. ఈ మాట మరచినచోటనే చర్చ అంతయు త్రోవ తప్పుచున్నది.

ఇదంతయు నగరపు ఆటల గొడవ, మనకేల యని మఠముల పెద్దలు తలంపవచ్చును. శివరాత్రికి, బసవజయంతికి ప్రతి ఊరిలోను ఉత్సవములు జరుగుచున్నవి. పేరుమోసిన ప్రవచనకారుడు కారులో వచ్చును. వేదికమీద శాలువ, పండ్లు, కవరు ఆ రాత్రియే అందును. అందకున్నచో మరుసటి ఏట ఆయన రాడని కార్యదర్శికి తెలియును. మూడు దినములు పొయ్యి ముందు కూర్చున్న వంటవాండ్రకు, పందిరి వేసినవారికి, డోలు సన్నాయివారికి చందాలు ఇంకను వసూలు కాలేదు, సోమవారము రమ్మని చెప్పుదురు. చందాలు వసూలు కానిది నిజమే కావచ్చును. లెక్కల పుస్తకము కార్యదర్శి ఇంటిలో బీరువాలో నుండును. సోమవారము వారు వచ్చి, మఠపు గడపకు ఇవతల చెప్పులు విడిచి, లోపలినుండి పిలుపు వచ్చువరకు నిలుచుందురు.